గాస్‌పోర్ట్ మాస్టారు

పోయిన ఎండాకాలం ఇంటర్న్‌షిప్ కోసం ఒక చిన్న మెషిన్ షాపులో చేరాను. మొదటిరోజే అక్కడి మేస్త్రీ నా చేతికి ఒక ఇనుప కడ్డీ ఇచ్చి, లేత్ మీద ఫేసింగ్ చేసి పెట్టమన్నాడు. నేను మెకానికల్ మూడో సంవత్సరం. లేత్‌లో ఏ భాగం ఎక్కడుంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. రికార్డులో బొమ్మ కూడా నీట్‌గా గీశాను. కానీ కడ్డీని చక్‌లో బిగించి స్విచ్ మీద చెయ్యి పెట్టేసరికి, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే మేం ల్యాబులో లేత్‌ని చూశామే తప్ప నడపలేదు. ఎక్కడ పాడుచేస్తామో, ఎక్కడ వేలు తెగ్గొట్టుకుంటామో అని మమ్మల్ని ఆ పసుపు గీత దాటనిచ్చేవాళ్లు కాదు. రీడింగులేమో సీనియర్ల రికార్డుల్లోంచి దిగేవి. మేస్త్రీ నన్నేమీ అనలేదు, నవ్వి ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ సెలవుల్లోనే పాత విమానాల గురించి చదువుతుంటే రాబర్ట్ స్మిత్-బారీ అనే పేరు తగిలింది. విమానయాన చరిత్ర తెలిసినవాళ్లందరికీ తెలిసిన పేరే గానీ నాకు మాత్రం కొత్త. ఇవాళ ఏ దేశంలోనైనా ఒక కుర్రాడు పైలట్ సీట్లో కూర్చుని, పక్కనో వెనకో ఇన్‌స్ట్రక్టర్ ఉండగా విమానం నడపడం నేర్చుకుంటున్నాడంటే, ఆ పద్ధతికి పునాది వేసింది ఈయనే. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఇంగ్లండ్ దక్షిణ తీరాన గాస్‌పోర్ట్ అనే చోట ఒక పచ్చిక మైదానంలో ఈ పని జరిగింది. ఆయన కథ చెప్పాలంటే ఆ మైదానం కథ కూడా చెప్పాలి. ఆయన జీవితం మూడుసార్లు అక్కడికే వచ్చి చేరింది మరి.

గాస్‌పోర్ట్ అంటే పోర్ట్స్‌మత్ నౌకాశ్రయానికి అవతలి ఒడ్డున ఉన్న ఊరు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సు ఎక్కడ దండెత్తి వస్తుందోనని భయపడి బ్రిటిష్ వాళ్లు అక్కడ వరసగా కోటలు కట్టారు. ఫ్రాన్సు రానే లేదు, కోటలు మాత్రం మిగిలిపోయాయి. వాటిల్లో ఫోర్ట్ గ్రేంజ్, ఫోర్ట్ రౌనర్ అని రెండు పక్కపక్కనే ఉంటాయి. వాటి దగ్గరి ఖాళీ నేల మీద 20వ శతాబ్దం మొదట్లోనే ఔత్సాహికులు ఎగరడానికి ప్రయత్నాలు చేశారు. తర్వాత సైన్యం వాళ్ల విమానదళం రాయల్ ఫ్లయింగ్ కోర్ ఆ చోటు తీసుకుంది. రన్‌వే లాంటిదేమీ లేదు. గడ్డి మైదానం, గుడ్డ కప్పిన చెక్క విమానాలు, పడుకోవడానికి పాత కోట గదులు. 1914 జూలైలో 5వ స్క్వాడ్రన్ అక్కడికి వచ్చి దిగింది. అందులో స్మిత్-బారీ ఒకరు.

ఆయన 1886 ఏప్రిల్ 4న పుట్టారు. ఐర్లండ్‌లో భూములున్న కలిగిన కుటుంబం. చదువు ఈటన్‌లో, అంటే ఇంగ్లండ్ దొరల బిడ్డలు చదివే బడిలో. కానీ బడి క్రమశిక్షణకీ ఆయన స్వభావానికీ ఎప్పుడూ పొసగలేదు. 1911లో సాలిస్‌బరీ మైదానంలో బ్రిస్టల్ కంపెనీ నడిపే స్కూల్లో విమానం నడపడం నేర్చుకున్నారు. రైట్ సోదరులు మొదటిసారి ఎగిరి అప్పటికి ఎనిమిదేళ్లే. 1912లో అపేవన్ అనే చోట ప్రభుత్వం సెంట్రల్ ఫ్లయింగ్ స్కూల్ తెరిస్తే, మొట్టమొదటి బ్యాచ్‌లో చేరారు. తర్వాతి రోజుల్లో బ్రిటిష్ వైమానిక దళానికి పెద్దదిక్కు అయిన హ్యూ ట్రెంచార్డ్ కూడా ఆ బ్యాచ్ వాడే. ఈ పరిచయం ముందుముందు పనికొస్తుంది.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. 5వ స్క్వాడ్రన్ గాస్‌పోర్ట్ నుంచి ఫ్రాన్సుకి బయల్దేరింది. ఆగస్టు 18న, ఇంకా శత్రువు ముఖం కూడా చూడకముందే, పెరోన్ అనే ఊరి దగ్గర స్మిత్-బారీ నడుపుతున్న విమానం అదుపు తప్పి కూలిపోయింది. వెంట ఉన్న కార్పొరల్ చనిపోయాడు. స్మిత్-బారీ రెండు కాళ్లూ విరిగాయి. ఆస్పత్రిలో ఉండగానే జర్మన్ సైన్యం ఆ ఊరి మీదికి వస్తోందని తెలిసింది. ఆ విరిగిన కాళ్లతోనే అక్కడినుంచి బయటపడ్డారు. ఆ తర్వాత జన్మంతా కుంటుతూనే నడిచారు.

ఆయన మనసులో ఏముందో మనకి తెలియదు గానీ, నాకు మాత్రం ఈ కథంతా ఆ రోజే మొదలైందనిపిస్తుంది. తుపాకీ గుండు తగిలి పడిపోతే అది యుద్ధం. గుండు లేకుండా, శత్రువు లేకుండా, విమానం తనంతట తాను పడిపోతే, పక్కనున్న మనిషి పోతే? అది ఎందుకు జరిగిందో తెలుసుకోవాలిగా.

కాళ్లు కూడదీసుకున్నాక మళ్లీ ఎగరడం మొదలుపెట్టారు. 1916లో 60వ స్క్వాడ్రన్ అని కొత్త దళం తయారైంది. ఎక్కడ? మళ్లీ గాస్‌పోర్ట్‌లోనే. అందులో ఫ్లైట్ కమాండర్‌గా మళ్లీ ఫ్రాన్సు వెళ్లారు. జూలై 1న సోమ్ యుద్ధం మొదలైంది. 3వ తేదీనే స్క్వాడ్రన్ కమాండర్ వాల్డ్రన్ యుద్ధంలో చనిపోయాడు. బాధ్యత స్మిత్-బారీ మీద పడింది. వాళ్లకిచ్చిన మొరేన్ విమానాలు నడపడం కష్టం. నష్టాలు ఎంతగా వచ్చాయంటే, కొన్ని వారాలకే స్క్వాడ్రన్ మొత్తాన్నీ వెనక్కి పిలిచి విశ్రాంతినిచ్చి, కొత్త విమానాలు ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత ఆ స్క్వాడ్రన్‌లోకి ఆల్బర్ట్ బాల్ అనే కుర్రాడు వచ్చాడు. ఒంటరిగా ఎగరడం ఇష్టపడే మనిషి. అతన్ని కట్టడి చేయకుండా, అతని దారిన అతన్ని ఎగరనిచ్చింది స్మిత్-బారీయే. బాల్ ఆ రోజుల్లో బ్రిటన్ అంతా చెప్పుకునే పైలట్ అయ్యాడు.

కానీ ఆల్బర్ట్ బాల్ లాంటివాళ్లు ఎంతమంది? ఇంగ్లండ్ నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్లలో చాలామందికి నిండా పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు. అంటే మన ఫస్టియర్, సెకండియర్ వాళ్లు. చేతిలో ఉన్న అనుభవం కొద్ది గంటలు. నేరుగా పైకి లేపగలరు, నేరుగా దింపగలరు, మెల్లగా మలుపు తిప్పగలరు. అంతకుమించి ఏం జరిగినా వాళ్లకి తెలియదు. వాళ్లని గాల్లోకి పంపడం అంటే ఏమిటో రోజూ చూసే మనిషి స్మిత్-బారీ. ఊరుకోలేకపోయారు. శిక్షణ ఇచ్చే పద్ధతే తప్పని, ఇన్‌స్ట్రక్టర్లకే సరిగ్గా నడపడం రాదని పైవాళ్లకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ట్రెంచార్డ్‌కి విసుగొచ్చిందో, నమ్మకం కలిగిందో, రెండూనో గానీ, అంత తెలిసినవాడివి నువ్వే చేసి చూపించు అన్నట్టుగా ఆయన్ని వెనక్కి పంపించేశారు. 1916 డిసెంబరులో గాస్‌పోర్ట్‌లోని 1వ రిజర్వ్ స్క్వాడ్రన్‌కి అధిపతిగా వచ్చారు. అది శిక్షణ దళం. ఆ మైదానానికి ఆయన రావడం ఇది మూడోసారి.

అప్పటిదాకా శిక్షణ ఎలా ఉండేదో చెప్పాలి. మారిస్ ఫార్మన్ అనే పాతకాలపు విమానం ఉండేది. ఇంజను వెనక, కర్రలూ తీగలూ చుట్టూ, చూస్తే పందిరి లేచి ఎగురుతున్నట్టు ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది యుద్ధంలో అలిసిపోయి, నరాలు దెబ్బతిని విశ్రాంతికని వచ్చినవాళ్లు. వాళ్లకి ఈ పని శిక్ష కింద లెక్క. విద్యార్థులకి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు హన్లు. యుద్ధంలో జర్మన్లని అవమానంగా పిలిచే మాట అది. జర్మన్ల కంటే వీళ్లే మన విమానాలు ఎక్కువ విరగ్గొడుతున్నారని దాని భావం! ఇంజను మోతలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. భుజం మీద తట్టడాలు, చేత్తో సైగలు, దిగాక చీవాట్లు. ప్రమాదం అనిపించగానే ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ లాగేసుకునేవాడు. గాలి కొంచెం అడ్డంగా వీస్తే ఆ రోజుకి శిక్షణే బంద్. మొత్తం ఆలోచన ఒక్కటే: పిల్లాణ్ణి ప్రమాదం దరిదాపులకి పోనివ్వకూడదు. మంచి ఆలోచనే కదా అనిపిస్తుంది. కానీ అదే పిల్లాడు రేపు ఒంటరిగా ఎగిరినప్పుడు ప్రమాదం వచ్చి తీరుతుంది. అప్పుడు మొదటిసారి దాని ముఖం చూస్తాడు. శిక్షణ మైదానాల పక్కనే శ్మశానాలు పెరగడానికి ఇదొక పెద్ద కారణం.

ఆ ప్రమాదాల్లో అందరికీ హడలెత్తించేది స్పిన్. మన థియరీ క్లాసు భాషలో చెప్తాను. రెక్క మీదుగా గాలి సాఫీగా పోయినంతసేపే లిఫ్ట్ ఉంటుంది. ముక్కు మరీ ఎత్తేస్తే గాలి రెక్కని వదిలేస్తుంది. అదే స్టాల్. రెండు రెక్కల్లో ఒకటి రెండోదానికన్నా ఎక్కువ స్టాల్ అయితే విమానం ఆ పక్కకి వాలి, బొంగరంలా గిరగిరా తిరుగుతూ కిందికి దిగిపోతుంది. ఎదురుగా నేల సుడి తిరుగుతూ పైకొస్తుంటుంది. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ముక్కు పైకెత్తాలని స్టిక్‌ని గట్టిగా వెనక్కి లాగుతారు. అదే కొంప ముంచుతుంది. లాగినకొద్దీ రెక్క స్టాల్‌లోనే ఉండిపోతుంది. చేయాల్సింది దానికి పూర్తిగా ఎదురు పని: తిరిగే వైపుకి వ్యతిరేకంగా రడ్డర్ తొక్కాలి, స్టిక్ ముందుకి తొయ్యాలి. పడిపోతున్న విమానాన్ని ఇంకా కిందికే తోసినట్టు ఉంటుంది. మనసు ఒప్పుకోదు. 1912లోనే విల్‌ఫ్రెడ్ పార్క్ అనే పైలట్ అందరూ చూస్తుండగా స్పిన్ లోంచి బయటపడ్డాడు. అయినా యుద్ధం సగం గడిచేదాకా మామూలు పైలట్లకి స్పిన్ అంటే చావే.

స్మిత్-బారీ గాస్‌పోర్ట్‌లో ఏం చేశారంటే, దాన్ని సిలబస్‌లో పెట్టేశారు. విద్యార్థిని ఎత్తుకి తీసుకెళ్లడం, కావాలని స్పిన్‌లో పడెయ్యడం, అందులో ఏం జరుగుతోందో వివరించడం, ఎలా బయటపడాలో చూపించడం. తర్వాత అతని చేత చేయించడం. ఆ తర్వాత ఒక్కణ్ణే పంపి అదే పని చేసి రమ్మనడం.

ఇది చదువుతుంటే మా మావయ్య గుర్తొచ్చాడు. ఊళ్లో దిగుడుబావిలో నాకు ఈత నేర్పింది ఆయనే. నడుముకి బెండ్లు కట్టి నాలుగు రోజులు ఈదించి, ఐదోరోజు బెండ్లు విప్పి, నన్ను తనతోపాటు కావాలని నీళ్లలో ముంచాడు. అడుగునుంచి కాళ్లతో తన్ని పైకెలా రావాలో అక్కడే చూపించాడు. ఆ రోజుతో నాకు మునిగిపోతానన్న భయం పోయింది. అంతకుముందు నాలుగు రోజులూ ఈత వచ్చింది గానీ భయం పోలేదు.

స్మిత్-బారీ పద్ధతిలో ఇంకొన్ని ముక్కలున్నాయి. మొదటిది విమానం. పాత ఫార్మన్లని పక్కనబెట్టి, ఆవ్రో 504 ఎంచుకున్నారు. అప్పట్లో వాడిన 504జె మోడల్‌లో 100 గుర్రాల శక్తి గల నోమ్ ఇంజను ఉండేది. ఇది రోటరీ ఇంజను. క్రాంక్‌షాఫ్ట్ కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి! మామూలు థ్రాటిల్ ఉండదు. వేగం తగ్గించాలంటే స్టిక్ మీదున్న బటన్ నొక్కి ఇగ్నిషన్ ఆపి, మళ్లీ వదలాలి. అంత బరువు తిరుగుతుంటే గైరోస్కోప్ ప్రభావం ఊరుకుంటుందా? ఒకవైపు మలుపు తిప్పితే ముక్కు దించుతుంది, ఇంకోవైపు తిప్పితే ఎత్తుతుంది. యుద్ధ విమానాల్లోనూ ఇలాంటి ఇంజన్లే ఉండేవి కాబట్టి ఆ అలవాటు ఇక్కడే కావాలన్నది ఆయన లెక్క. ఆవ్రో సాధువైన బండి, కానీ తప్పు చేస్తే తప్పు చేశావని వెంటనే చెప్పేస్తుంది. నేర్చుకునేవాడికి అదే కావాలి.

రెండోది సీటు. విద్యార్థి మొదటిరోజు నుంచే అసలు పైలట్ కూర్చునే చోట కూర్చోవాలి. కంట్రోల్స్ ఇద్దరికీ పూర్తిగా ఉండాలి. తర్వాత ఒంటరిగా ఎగిరేటప్పుడు అంతా అలవాటైన చోటే, అలవాటైన చూపే.

మూడోది మాట. ఇన్‌స్ట్రక్టర్ నోటి దగ్గర్నుంచి విద్యార్థి చెవులదాకా ఒక రబ్బరు గొట్టం. డాక్టరు స్టెతస్కోప్ లాంటిదే అనుకోండి. కరెంటు లేదు, రేడియో లేదు. ఆ గొట్టంతో తప్పు చేసిన క్షణంలోనే అది ఎందుకు తప్పో చెప్పడం వీలైంది. దిగాక తిట్టడం వేరు, జరుగుతున్నప్పుడు వివరించడం వేరు. దానికి గాస్‌పోర్ట్ ట్యూబ్ అనే పేరు నిలిచిపోయింది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, కారణం చెప్పడం. అడ్డగాలిలో దించడం, నిటారుగా ఒరిగి మలుపు తిప్పడం, ఇంజను ఆగిపోతే పొలంలో దిగడం, ఇవన్నీ గుడ్డిగా చేయించడం కాదు. ఏ కంట్రోల్ కదిపితే విమానం ఎందుకలా కదులుతుందో తెలిసి చేయాలి. ఇందుకు ముందు ఇన్‌స్ట్రక్టర్లకి రావాలి కదా. అందుకే 1917 ఆగస్టులో గాస్‌పోర్ట్‌ని స్కూల్ ఆఫ్ స్పెషల్ ఫ్లయింగ్‌గా మార్చి, ఇతర శిక్షణ దళాల ఇన్‌స్ట్రక్టర్లని అక్కడికే పిలిచి నేర్పించారు. నేర్పడం అనేది అలిసిపోయినవాళ్లకిచ్చే పని కాదు, అందరికంటే బాగా నడిపేవాళ్లకివ్వాల్సిన పని అని ఆయన పట్టు. గాస్‌పోర్ట్‌లో ఇన్‌స్ట్రక్టర్ అంటే గర్వంగా చెప్పుకునే స్థితికి తెచ్చారు.

ప్రమాదకరమైనవన్నీ కావాలని చేయిస్తే ప్రాణాలు పోతాయని భయపడ్డవాళ్లు ఉన్నారు. జరిగింది వేరు. పైలట్లు త్వరగా నేర్చుకున్నారు, బాగా నేర్చుకున్నారు. పద్ధతి బ్రిటన్ అంతా పాకింది. 1918లో కెనడాలో టొరంటో దగ్గర ఆర్మర్ హైట్స్‌లో ఇదే పేరుతో ఇదే రకం స్కూలు పెడితే, అక్కడ శిక్షణ మరణాలు తగ్గాయి. యుద్ధం అయ్యాక మిగతా దేశాలూ ఇదే దారి పట్టాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇదంతా పిల్లల్ని బతికించడానికే జరగలేదు. వాళ్లని యుద్ధానికి పంపడానికి జరిగింది. గాస్‌పోర్ట్‌లో స్పిన్ నుంచి బయటపడడం నేర్చుకున్న కుర్రాడు కొన్ని వారాలకే ఫ్రాన్సు ఆకాశంలో చంపి ఉంటాడు, లేదా చచ్చి ఉంటాడు. మంచి మాస్టారు అయినంతమాత్రాన పాఠం ఎందుకు వాడతారో నిర్ణయించే అధికారం రాదు. స్మిత్-బారీ చేయగలిగింది ఒక్కటే, తెలియనితనం వల్ల ఎవరూ పోకుండా చూడడం. ఫ్రాన్సులో తన విమానంలో పోయిన ఆ కార్పొరల్ లాగా.

యుద్ధం అయిపోగానే ఆయన వైమానిక దళం వదిలేశారు. కాగితాల పనీ, లాంఛనాలూ ఆయనకి ఎప్పుడూ పడలేదు. ఎయిర్ ఫోర్స్ క్రాస్ పతకం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు యాభై దాటిన వయసులో, ఆ కాళ్లతోనే మళ్లీ చేరి, విమానాలని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేసే పని చేశారు. 1949లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో చనిపోయారు.

ఆ రెండో యుద్ధంలోనే మన హైదరాబాద్ బేగంపేట మైదానంలో కూడా ప్రాథమిక ఫ్లయింగ్ శిక్షణ స్కూలు నడిచింది. అక్కడ కుర్రాళ్లు నేర్చుకున్నది టైగర్ మాత్ విమానాల మీద. రెండు సీట్లు, ఇద్దరికీ కంట్రోల్స్, మధ్యలో మాట్లాడుకోవడానికి గొట్టం. ఆ గొట్టం పేరు గాస్‌పోర్ట్ ట్యూబే. బేగంపేట మీదుగా ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో లెక్కలేదు. ఈసారి వెళ్లినప్పుడు కిటికీలోంచి ఆ గోడ వైపు కాసేపు చూశాను.

గాస్‌పోర్ట్ మైదానం తర్వాత నౌకాదళం చేతికి వెళ్లింది. 1956 నుంచి అక్కడ ఉన్నది హెచ్.ఎం.ఎస్. సుల్తాన్. పేరు చూసి ఓడ అనుకోకండి, నేల మీదే ఉంటుంది. నౌకాదళ ఇంజనీర్లకి శిక్షణ ఇచ్చే స్కూలు. అంటే ఆ నేల మీద ఇప్పటికీ మనలాంటివాళ్లే నేర్చుకుంటున్నారు.

మళ్లీ నా మేస్త్రీ దగ్గరికి వస్తాను. రెండోరోజు ఆయన నన్ను లేత్ ముందు నిలబెట్టి, ముందు ఎలా నడపాలో చెప్పలేదు. ఎలా ఆపాలో చెప్పాడు. కళ్లు మూసుకుని స్విచ్ దగ్గరికి చెయ్యి పోయేదాకా పదిసార్లు ఆపించాడు. చక్ కీ చక్‌లోనే మర్చిపోయి ఆన్ చేస్తే అది ఎటు ఎగిరొస్తుందో చూపించాడు. చొక్కా చేతులు మడత పెట్టించాడు. ఆ తర్వాత పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, టూల్‌ని కావాలని ఎక్కువ లోతుకి దింపమన్నాడు. లేత్ కీచుమంది, కడ్డీ వణికింది, టూల్ మొన ఎగిరిపోయింది. నా గుండె ఆగినంత పనైంది. ఆయన మాత్రం కొత్త టూల్ తీసి చేతికిచ్చి, ఆ శబ్దం గుర్తుపెట్టుకోమన్నాడు. ఆయన బడికి వెళ్లింది ఐదో తరగతి వరకే. గాస్‌పోర్ట్ పేరు విని ఉండడు.

ఈ సెమిస్టర్ మొదట్లో మా నలుగురం కలిసి ల్యాబ్ సార్‌ని అడిగాం. శనివారం మధ్యాహ్నం ఒక గంట, సార్ ఎదురుగానే, మమ్మల్ని పసుపు గీత దాటనివ్వమని. ఆయన రెండు వారాలు ఆలోచించి, కళ్లద్దాలు మీరే కొనుక్కోవాలి, టూల్ విరిగితే డబ్బులు మీరే కట్టాలి అని ఒప్పుకున్నారు. ఇప్పటికి ఐదు శనివారాలు అయ్యాయి. మూడు టూల్స్ విరిగాయి, వాటిల్లో రెండు నావే. వచ్చే శనివారం నుంచి సెకండియర్ వాళ్లు ఇద్దరు వస్తామన్నారు. వాళ్లకి మొదటిరోజు మెషిన్ ఆపడం నేర్పే పని సార్ నాకప్పగించారు.